గోరుకు తగిలిన తుప్పు

ఉదయం ఎనిమిదింపావు. కంచరపాలెంలో ఊర్వశి జంక్షన్ దాటి లోపలి వీధిలోకి తిరిగితే ఓ రేకుల షెడ్డు. తలుపు ఇంకా సగమే తీశారు. బుడ్డోడు వాకిట్లో నీళ్ళు చల్లి ఊడుస్తున్నాడు. తడిసిన మట్టి వాసన మీద పెట్రోలు వాసన తేలుతోంది. దూరంగా ఏదో గూడ్సు బండి అదే పనిగా కూత పెడుతోంది. మీరూ ఇలా లోపలికి వచ్చి ఆ టైరు మీద కూర్చోండి. ఇక్కడ కుర్చీ ఒక్కటే, అది మేస్త్రీది.

బండికి సెంటర్ స్టాండు వేశాను. ముందు చక్రం పక్కన వంగి చూడండి. హ్యాండిల్ కిందనుంచి దిగే మెరిసే పైపు ఒకటి బూడిదరంగు అల్యూమినియం కాలులోకి దూరుతోంది కదా, ఆ దూరే చోట నల్లటి రబ్బరు టోపీ ఉంది. కుడివైపు దాని పైన చుట్టూరా, కాటుక పెట్టినట్టు, నూనెలో నానిన దుమ్ము ఓ వలయం కట్టింది. అక్కడినుంచి ఒక చార కాలి వెంట జారి డిస్కు బ్రేకు కాలిపర్ దాకా వచ్చి ఆగింది. ఆగిందని నేననుకున్నాను. ఆగలేదని పోయిన ఆదివారం అనంతగిరి ఘాట్‌లో తెలిసింది.

"ఏటి మాస్టారూ, రాత్రి ఫోన్లో చెప్పింది ఇదేనా?"

మేస్త్రీ వచ్చేశాడు. టీ గ్లాసు పట్టుకునే బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. గ్లాసు బెంచీ మీద పెట్టి, హ్యాండిల్ పట్టుకుని, ముందు బ్రేకు నొక్కి బలంగా కిందికి తొక్కాడు. ముందు భాగం కుచ్చుమని కూలబడి, ఠక్కున లేచి, మళ్ళీ కొంచెం దిగి నిలబడింది.

"చూశారా? ఓసారి దిగి ఓసారి లేచి ఊరుకోవాలి. ఇది ఊగుతంది. లోపల నూనె తగ్గిపోనాది."

ఘాట్ సంగతి చెప్పాలి. అరకులో పొద్దున్నే బయల్దేరి గాలికొండ దగ్గర ఆగి కాఫీ తాగి దిగుతున్నాం. వెనక నా భార్య. దముకు దాటాక ఒక మలుపులో ఎదురుగా బస్సు. ముందు బ్రేకు పట్టాను. లీవరు గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగనంటోంది. సబ్బు రాసిన చేత్తో చెంబు పట్టుకున్నట్టుంది. వెనక బ్రేకు తొక్కి, గేరు తగ్గించి, కొండ అంచున ఉన్న తెల్ల రాయికి మూరెడు దూరంలో నిలిపాను. బస్సు డ్రైవరు అద్దంలోంచి ఏదో అన్నాడు. న్యాయమైన మాటే అయ్యుంటుంది. దిగి చూస్తే డిస్కు మీద ఇంద్రధనుస్సు రంగుల్లో నూనె పొర. అక్కడినుంచి శృంగవరపుకోట మీదుగా ఇంటిదాకా వెనక బ్రేకుతోనే వచ్చాం. దారిపొడుగునా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అది మాత్రం బస్సు కన్నా ఎక్కువ భయపెట్టింది.

ఆ రబ్బరు టోపీ కింద ఉండే ఫోర్కు సీలు కారితే బండి కొంచెం మురికవుతుంది, అంతే కదా అని చాలామంది నెలల తరబడి తిరుగుతారు. నేనూ ఆ బాపతే. కారేది డిస్కు ఉన్న కాలైతే మాత్రం ఒక్కరోజు కూడా తిరగకూడదు.

నిజానికి ఈ ఏడాదిలో ఈ బండికి సీళ్ళు మార్చడం ఇది మూడోసారి. సంక్రాంతి ముందు ఒకసారి ఓ సర్వీసు సెంటర్లో మార్చారు. మళ్ళీ జూన్‌లో అక్కడే మార్చారు. రెండుసార్లూ నాలుగు నెలలు తిరక్కుండానే అదే కుడి కాలు, అదే కాటుక. రెండోసారి అడిగితే "సీళ్ళు ఇప్పుడు అలాగే వస్తున్నాయి సార్" అన్నారు. నమ్మాను. అక్టోబరులో మళ్ళీ మొదలయ్యాక విసుగొచ్చి నేనే ఓ చిట్కా వేశాను. పాత ఎక్స్‌రే ఫిల్ము, నా మోకాలిదే, కత్తెరతో సన్నగా కత్తిరించి, ఒక పక్క చిన్న కొక్కెంలా గాటు పెట్టి, పైన టోపీలా ఉన్న డస్ట్ సీలు పైకెత్తి, అసలు సీలుకూ పైపుకూ మధ్య దూర్చి చుట్టూ ఒకసారి తిప్పడం. సీలు పెదవి కింద ఇరుక్కున్న ఇసుక రేణువు కొక్కెంతో పాటు బయటికొస్తుంది. ఇదేమీ నాటువైద్యం కాదు. కారే సీళ్ళలో కొన్ని చిరిగినవి కావు, ఇసుక ఇరుక్కుని కాస్త తెరుచుకుని ఉన్నవే. వాటికి ఈ ఎక్స్‌రే ముక్క చాలు. నాకూ నల్లటి ఇసుక పిసరు వచ్చింది. రెండు వారాలు పొడిగా ఉంది. మూడో వారం మళ్ళీ మొదలు.

ఇదంతా చెబుతుంటే మేస్త్రీ వింటున్నాడో లేదో తెలీదు. గుడ్డకు పెట్రోలు అద్ది మెరిసే పైపును పైనుంచి కిందికి తుడిచాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నిజంగానే మూసుకున్నాడు. బొటనవేలి గోరు పైపు మీద ఆనించి, నెమ్మదిగా కిందికి జార్చాడు. ఓ వేలెడు పక్కకు జరిగి మళ్ళీ పైనుంచి. వెనకవైపు ఏమీ లేదు. పక్కన ఏమీ లేదు. ముందువైపు, రబ్బరు టోపీకి రెండంగుళాల పైన, గోరు టిక్కుమని ఆగింది.

"ఇలాగ రండి. మీ గోరు పెట్టండి."

పెట్టాను. మీరూ పెట్టి చూడండి. కంటికి అక్కడ ఆవగింజలో సగం కూడా లేని గోధుమరంగు చుక్క. వానాకాలం ఈగ కూర్చుని పోయిన మరకనుకుంటాం. గోరుకు మాత్రం అది అంచులున్న గొయ్యి. దానికి కాస్త కింద ఇంకొకటి. బాగా పైన, హెడ్‌లైటు దగ్గర మూడోది.

"బండి ఎక్కడ పెడతారు మాస్టారూ?"

"లాసన్స్ బే కాలనీ. ఇంటి ముందే."

"సముద్రం వైపు మొకం పెట్టి?"

అవును. గేటులోంచి అలా తోస్తేనే సులువు. పదకొండేళ్ళుగా అలాగే పెడుతున్నాను.

మేస్త్రీ నవ్వలేదు. "సీలు ఏం చేస్తాదండి? రబ్బరు కదా. ఆ గొయ్యి అంచు కత్తిలా ఉంటాది. గతుకు గతుక్కీ దాని పెదవి మీదనుంచి వెళ్ళొస్తంది. ఎన్ని సీళ్ళు వేసినా కోసీడమే."

మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆ మెరిసేది ఉక్కు పైపు మీద పూసిన క్రోమియం పొర. వెంట్రుక కంటే పలచన. చూడటానికి అద్దంలా ఉన్నా, దాని నిండా కంటికి కనపడని సన్నటి బీటలుంటాయి. ఉప్పుగాలి తేమ ఆ బీటల్లోంచి దిగి అడుగున ఉక్కును పట్టుకుంటుంది. ఉక్కు తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైన క్రోమియం పెచ్చు లేస్తుంది. గాలీ ఇసుకా ఎదురుగా తగిలే ముందువైపే ఎక్కువ. మన ఊళ్ళో ఇదేమంత వింత కాదు. బీచ్ రోడ్డులో ఒడ్డుకెక్కించిన కురుసుర జలాంతర్గామి 2002 నుంచి జనానికి మ్యూజియం. నీళ్ళ అడుగున ముప్పై ఏళ్ళు తిరిగిన ఇనుము అది. ఒడ్డున ఊరికే నిలబడి ఉన్నా ఈ గాలి దాన్ని కూడా వదలదు, రంగు వేస్తూనే ఉండాలి. నా బండి ఎంత?

రెండుసార్లు సీళ్ళు మార్చినవాళ్ళు ఈ గోరు ఎందుకు గీయలేదో నాకు తెలీదు. పైపును తుడిస్తే చాలు, అర నిమిషం పని.

ఇక విప్పడం మొదలైంది. బుడ్డోడు ఇంజన్ కింద చెక్కదిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాడు. ఇరుసు లాగితే చక్రం అతని చేతిలోకి వచ్చింది. కాలిపర్ రెండు బోల్టులూ తీసి, దాన్ని బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకుండా ఓ తీగతో ఫ్రేముకు కట్టేశాడు. "మనిషి చేతిని నరం మీద యాలాడదీస్తామేటి?" అన్నాడు మేస్త్రీ. "ఇంకోటి, ఇప్పుడెవరూ బ్రేకు లీవరు ముట్టుకోకండి. పిస్టన్లు బయటికొచ్చేస్తాయి." అంతసేపూ అలవాటుగా లీవరు నొక్కుతూ నిలబడ్డ నేను చెయ్యి తీసేశాను.

బ్రేకు ప్యాడ్లు బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకూ చూపించాడు. చేపనూనెకూ కిరసనాయిలుకూ మధ్య వాసన. స్టౌ మీద కాల్చితే పనికొస్తాయేమో అన్నాను, ఎక్కడో విన్నాను కాబట్టి.

"పైన కాలతాది. లోపల పీల్చుకున్నది పోదు. మళ్ళీ వేడెక్కినప్పుడు బయటికొస్తాది. మీకు బ్రేకులు కావాలా, ప్యాడ్లు కావాలా?"

పాత ప్యాడ్లు చెత్త డబ్బాలోకి వెళ్ళాయి.

కాలు లాగే ముందు ఒక వరస ఉంది, అది తెలియకే చాలామంది తంటాలు పడతారు. పై బిగింపు బోల్టు వదులు చేసి, కింది బిగింపు అలాగే ఉంచి, పైపు నెత్తిన ఉన్న మూత బోల్టును కొంచెం తిప్పి పెట్టుకోవాలి. కాలు మొత్తం బయటికి లాగేశాక దాన్ని తిప్పాలంటే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అలాగే అట్టడుగున ఉండే అలెన్ బోల్టు. అది లోపలి డంపర్ కడ్డీని పట్టుకుని ఉంటుంది. స్ప్రింగు తీసేశాక తిప్పితే కడ్డీ కూడా బోల్టుతో పాటే గిరగిరా తిరుగుతుంది, ఊడదు. అందుకని స్ప్రింగు లోపల ఉండగానే బుడ్డోడు కాలును గోడకు అదిమి పట్టాడు, మేస్త్రీ అలెన్ కీకి గొట్టం తొడిగి ఒక్క గుంజు గుంజాడు. టక్. అంతే.

మూత బోల్టు చివరి మరల్లో ఉండగా అరచేయి దాని మీద వేసి నొక్కి తిప్పాడు. అడుగున ముడుచుకున్న స్ప్రింగు ఉంది మరి. వదిలేస్తే రేకుల కప్పు చూసొస్తుంది. స్ప్రింగు నూనె కారుతూ మూరెడు పొడుగున బయటికొచ్చింది. కాలును తలకిందులు చేసి ఓ పాత రంగు డబ్బాలోకి వంపాడు. రండి, దగ్గరికొచ్చి డబ్బాలోకి చూడండి. కొత్తగా పోసినప్పుడు తేనెరంగులో ఉండాల్సింది. ఇప్పుడు వర్షం నీళ్ళలో సిమెంటు కలిపినట్టుంది. డబ్బా కాస్త వంచితే పైన వెండి పొడిలా ఓ మెరుపు తిరుగుతోంది. అరిగిన లోహం. సగానికి సగం తక్కువే ఉంది.

ఈ నూనె అక్కడ ఎందుకంటే, స్ప్రింగు బండి బరువు మోస్తుంది కానీ దానికి ఆగడం తెలీదు. గతుక్కి దిగితే ఎగురుతూనే ఉంటుంది. నూనెను సన్నటి రంధ్రాల్లోంచి బలవంతంగా నెట్టి ఆ ఎగురును చంపుతారు. 1935లో బీఎండబ్ల్యూ ఆర్12 బండికి ఇలా నూనెతో అణిచే టెలిస్కోపిక్ ఫోర్కు పెట్టారు. అంతకుముందు చాలా బండ్లకు ముందు గర్డర్ ఫోర్కులే ఉండేవి. ఇన్నేళ్ళలో బండ్లకు కంప్యూటర్లు వచ్చాయి, నా బండిలాంటి వాటికి మాత్రం ఇప్పటికీ అంతా నిలబడేది పైపు చుట్టూ ఆనుకున్న ఓ రబ్బరు పెదవి మీదే.

ఆ పెదవి ఇప్పుడు చూద్దాం. డస్ట్ సీలు ఊడదీసి, దాని కింద ఉన్న సర్‌క్లిప్పును సూదిమొన లాంటి స్క్రూడ్రైవరుతో లేపాడు. అది ఎగిరి బుడ్డోడి చొక్కాకు తగిలి కింద పడింది. దాన్ని వెతకడానికి మేం ముగ్గురం ఐదు నిమిషాలు నేల మీద పాకాం. పైపు లాగేసి, అంచు గీసుకుపోకుండా గుడ్డ మడత ఆనించి సీలును మీటాడు. జూన్‌లో వేసిన సీలు నా అరచేతిలో పడింది.

గాజు సైజు నల్ల రబ్బరు. ఒకవైపు మొహం మీద ఉబ్బెత్తు అంకెలు: లోపలి కొలత, బయటి కొలత, మందం, మిల్లీమీటర్లలో. 31, 43, 10.3. తిప్పితే రెండోవైపు లోపలి పెదవి చుట్టూ గాడిలో ఓ సన్నటి చుట్ట స్ప్రింగు, పాపాయి కాలి పట్టీలా. ఆ స్ప్రింగే పెదవిని పైపుకు హత్తుకునేలా బిగిస్తుంది. వెలుగుకెదురుగా పెట్టి వేలితో పెదవి సాగదీశాను. ఒక్కచోట, బియ్యపు గింజ పొడుగున, కోత. బ్లేడుతో గీసినంత తిన్నగా. పైపును పక్కన పెట్టి చూస్తే కోత వచ్చిన చోటు సరిగ్గా తుప్పు చుక్కల వరసలోనే ఉంది.

"సీలుది తప్పేటి లేదండి," అన్నాడు మేస్త్రీ. "పాపం."

పైపు వంగిందేమో కూడా చూడాలి. వంటగట్టు తాలూకు గ్రానైటు పలక ఒకటి ఉంది షెడ్డులో. దాని మీద పైపును దొర్లించి కింద సందులోంచి వెలుగు కొట్టుకుంటుందా అని చూశాడు. కొట్టుకోలేదు. వంపు లేదు. ఉంటే కథ మారేది. వంగిన పైపు సీలును ఒకవైపే నొక్కి అరగదీస్తుంది.

మరి ఇప్పుడేం చేయాలి? కొత్త పైపు వేయడం శుభ్రమైన దారి. మేస్త్రీ రెండు షాపులకు ఫోన్ చేశాడు. పదకొండేళ్ళ మోడలు, పైపు లేదు, తెప్పిస్తే పది రోజులు. పాత క్రోమియం తీసి కొత్తగా పూయించి సానబట్టించడం ఇంకో దారి, దానికీ రోజులు పడతాయి. పైన ఉన్న మూడో చుక్క గురించి అడిగితే పట్టించుకోవద్దన్నాడు. సీలు అంతదాకా ఎక్కదట. ఎలా తెలుసు? ఇంకా తుడవని ఎడమ పైపు మీద దుమ్ము ఎంతదాకా తుడుచుకుపోయిందో చూపించాడు. అంతవరకే దాని నడక. మిగతా రెండూ మాత్రం ఆ నడకలోనే ఉన్నాయి.

"పూడ్చేద్దాం. కొత్త పైపు వచ్చేదాకా లాగుతాది. కొందరికి ఏళ్ళే లాగింది. అయితే ఇది పైపు మార్చినట్టు కాదు, ముందే చెప్తన్నాను."

తర్వాతి గంటలో జరిగింది, చెప్పాలంటే, నేనింతవరకు ఏ మెకానిక్ దగ్గరా చూడలేదు. మేస్త్రీ కుర్చీ ఎండలోకి లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, పైపును ఒళ్ళో పెట్టుకున్నాడు. గుండుసూది మొనతో ఒక్కో గొయ్యిలోంచి తుప్పు గీకాడు, పంటి డాక్టరు లాగే, ఊదుతూ గీకుతూ. లోపల మెరిసే ఉక్కు కనపడేదాకా వదల్లేదు. నూలు మొనతో పెట్రోలు అద్ది కడిగి, ఎండలో ఆరనిచ్చాడు. జిడ్డు రవ్వంత ఉన్నా అతకదు. అప్పుడు సూది కొస మీద సూపర్ గ్లూ బొట్టు తీసుకుని గొయ్యిలో దింపాడు. ఆరాక ఇంకో బొట్టు. మూడో బొట్టుకు అది నిండి, పైకి మంచు బిందువులా ఉబ్బింది. ఆ తర్వాత చాలా మెత్తటి ఎమరీ కాగితం, నూనెలో ముంచింది, పైపు చుట్టూ చుట్టి అడ్డంగా తిప్పుతూ రుద్దాడు. నిలువుగా రుద్దలేదు. ఎందుకో మీరే ఊహించండి: నిలువు గీతలు పడితే అవి నూనె పైకెక్కడానికి కాలవలవుతాయి.

మళ్ళీ కళ్ళు మూసుకుని గోరు జార్చాడు. ఆగలేదు. నన్నూ జార్చమన్నాడు. అద్దం.

బిగించే పని త్వరగానే అయింది, రెండు చోట్ల తప్ప. కొత్త సీలు తొడిగేటప్పుడు పైపు అంచుకు పాల ప్యాకెట్టు కవరు చుట్టాడు. లేకపోతే ఆ అంచే కొత్త పెదవిని కోసేస్తుంది. స్ప్రింగు ఉన్న వైపు కిందికి, నూనె వైపుకి. అంకెలున్న మొహం పైకి. పాత సీలును దాని నెత్తిన పెట్టి, సరిపోయే పీవీసీ గొట్టం ముక్కతో టకటకా తట్టి, సర్‌క్లిప్పు గాడి పూర్తిగా కనపడేదాకా దింపాడు. గాడి సగమే కనిపిస్తే సీలు ఇంకా కూర్చోనట్టు.

రెండోది నూనె కొలత. మేస్త్రీ బెంచీ కింది నుంచి తీసిన వస్తువు చూసి నవ్వొచ్చింది: పసిపిల్లల పాలసీసా. పక్కన మి.లీ. గీతలు. మా బండి పుస్తకంలో కాలికి 170 అని ఉంది. 10డబ్ల్యూ ఫోర్కు నూనె గీత మీదికి పోసి, కంటి ఎత్తున పట్టుకుని చూశాడు. "మావోడిది. వాడిప్పుడు ఇంజనీరింగు చదువుతన్నాడు." ఇంకో పది ఎక్కువ పోస్తే మంచిదేమో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నూనె పైన మిగిలే గాలి కూడా స్ప్రింగే. చోటు తగ్గిస్తే ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడికి కొత్త సీళ్ళే ముందు కక్కుతాయి. ఎడమ కాలు కారకపోయినా దాన్నీ విప్పి, గోరు గీసి, సీలూ నూనే మార్చాడు. ఒక కాల్లో కొత్త నూనె, ఇంకో కాల్లో పాతదీ ఉంటే రెండు కాళ్ళూ ఒకేలా నడవవు.

చక్రం పెట్టి, ఇరుసు గట్టిగా బిగించే ముందు ముందుభాగాన్ని నాలుగుసార్లు కిందికి తొక్కాడు, కాళ్ళు రెండూ తమంతట తాము సర్దుకునేందుకు. డిస్కును బ్రేకు క్లీనరుతో రెండుసార్లు కడిగాడు. కొత్త ప్యాడ్లు. "ఇప్పుడు నొక్కండి లీవరు. గట్టిపడేదాకా నొక్కండి. ఇది మర్చిపోయి రోడ్డెక్కినోళ్ళు ఉన్నారు."

సాయంత్రం నాలుగు దాటింది. రుషికొండ దాకా వెళ్ళొచ్చాను. కొత్త ప్యాడ్లు కాబట్టి దారంతా మెల్లగా, పదే పదే బ్రేకు పట్టుకుంటూ వెళ్ళాను. తిరిగొచ్చి తెల్లటి గుడ్డతో కుడి పైపు చుట్టూ తుడిచాను. కంటికి ఆనని పలచటి తేమ, అది ఉండాల్సిందే, పెదవి ఎండిపోకుండా. వలయం లేదు. ఈ మాట రాస్తున్నది ఆరు వారాల తర్వాత, ఇప్పటికీ లేదు. కొత్త పైపు వచ్చి షెడ్డులో మేకుకు వేలాడుతోంది. బండిని గేటులోకి ఇప్పుడు వెనక్కి తోసి పెడుతున్నాను, ముందు చక్రం గోడవైపు ఉండేలా. ఆదివారం కడిగాక ముందు పైపులు రెండూ పొడిగుడ్డతో తుడుస్తున్నాను.

మీ బండి ముందు కూడా ఓసారి కూర్చోండి. పైపు తుడిచి, కళ్ళు మూసుకుని, గోరు పైనుంచి కిందికి జార్చండి. ఎక్కడా ఆగకపోతేనే సీళ్ళు కొనడానికి వెళ్ళండి.